ఓతోరి కథ రెండో భాగం ఎందుకు నెమ్మదిస్తుంది?

ఓతోరి నవలల్లో మొదటి భాగం రెండు రాత్రుల్లో అయిపోయింది. రెండో భాగం దగ్గర రెండుసార్లు ఆగిపోయాను. అరవయ్యో పేజీ దాటేసరికి ఎవరు ఎవరి మనిషో, ఏ కోట ఎవరి చేతిలో ఉందో గుర్తుండటం మానేసింది. కత్తులు ఒరల్లోకి వెళ్ళిపోయాయి. అందరూ కూర్చుని ఎవరెవరికి ఏమవుతారో మాట్లాడుకుంటున్నారు. మూడోసారి మొదలుపెట్టే ముందు జపాన్ చరిత్ర కొంచెం చదివాను. అప్పుడు తెలిసింది, లోపం పుస్తకంలో లేదు, నేను చూస్తున్న వైపులో ఉందని.

ఆ పుస్తకం 2003లో వచ్చిన 'గ్రాస్ ఫర్ హిజ్ పిల్లో'. అంతకు ఏడాది ముందు వచ్చిన 'అక్రాస్ ది నైటింగేల్ ఫ్లోర్'కి కొనసాగింపు. ఓతోరి గాథల పేరుతో వీటిని రాసింది లియన్ హెర్న్. అది కలం పేరు. అసలు రచయిత్రి ఇంగ్లండ్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడిన జిలియన్ రూబిన్‌స్టైన్. కథ జరిగే దేశం ఊహలోది. ఫలానా దేశం, ఫలానా కాలం కాదని రచయిత్రే ముందుగా చెప్పేస్తారు. అయినా కథలోని హగీ పట్నం జపాన్ పటంలో నిజంగానే ఉంది. పాత్రల పేర్లు, కోటలు, మంచు, వరిచేలు అన్నీ భూస్వామ్య జపాన్‌వే. మొదటి భాగం చదవనివాళ్ళకి ఒక హెచ్చరిక: ఇక్కడినుంచి దాని ముగింపు బయటపడిపోతుంది.

మొదటి భాగం గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. కొండల్లో ఒక పల్లె. ఈదా అనే క్రూరుడైన ప్రభువు మనుషులు ఆ పల్లెను తుడిచిపెడతారు. బతికి బయటపడిన కుర్రాణ్ణి షిగేరు అనే దొర కాపాడి, తకేవో అని పేరు పెట్టి, దత్తత తీసుకుంటాడు. కుర్రాడికి మామూలు మనుషులకు లేని వినికిడి. అడుగేస్తే పిట్టలా కూసే చెక్కనేల దాటి వెళ్ళి ఈదాను చంపాలి. (అలాంటి నేల క్యోటోలోని నిజో కోటలో ఇప్పటికీ ఉంది. మేకులూ కొక్కేలూ రాసుకుని కిచకిచమంటాయి.) చివరికి ఈదా చస్తాడు. షిగేరు కూడా పోతాడు. పగ తీరింది. మరి రెండో భాగంలో ఏముంటుంది?

మన ఇళ్ళలో పెద్దాయన పోతే పదో రోజు దాకా అందరూ ఏడుస్తారు. పెద్దకర్మ అయ్యాక, విస్తళ్ళు తీసేశాక, ఎవరో ఒకరు నెమ్మదిగా ఎత్తుతారు: "మరి ఆ చెరువుకింద పొలం సంగతేమిటి?" ఓతోరి రెండో భాగం మొత్తం ఆ మాట దగ్గర మొదలవుతుంది. ఈదా పోయాడు కాబట్టి అతని నేల ఎవరిది? షిగేరు పోయాడు కాబట్టి ఓతోరి వంశానికి వారసుడెవరు? మారుయామా రాణి, ఆమె కూతురు ఇద్దరూ ఏట్లో మునిగి చనిపోయారు కాబట్టి ఆ సంస్థానం ఎవరికి? ఇది పగ కథ అనుకుని చదివితే నసగా ఉంటుంది, వాటాల తగాదా అనుకుని చదివితే ప్రతి పేజీలో టెన్షనే.

జపాన్ చరిత్రలో దీనికి అచ్చంగా సరిపోయే ఘట్టం ఒకటుంది. 1582లో క్యోటోలోని హొన్నోజీ గుడిలో ఒదా నొబునాగాను సొంత సేనాని అకెచి మిత్సుహిదే చుట్టుముట్టాడు. దేశాన్ని దాదాపు తన గుప్పిట్లోకి తెచ్చుకున్న నొబునాగా అక్కడే ప్రాణం తీసుకున్నాడు. రెండు వారాలు తిరక్కుండానే నొబునాగా మరో సేనాని హిదెయోషి ఆ ద్రోహిని ఓడించాడు. సినిమా అయితే అక్కడ ఆపేస్తారు. కానీ అసలు కథ ఆ తర్వాత కియోసు కోటలో పెద్ద సేనానులు కూర్చున్న సమావేశంలో నడిచింది. షిబాతా కత్సుయియే నొబునాగా మూడో కొడుకుని నిలబెట్టాడు. హిదెయోషి ఇంకా పాలు మరవని మనవణ్ణి ముందుకు తెచ్చాడు. పసివాడు గద్దె మీద ఉంటే వెనక నడిపేది ఎవరో చెప్పక్కర్లేదు. వారసుణ్ణి తేల్చారు, భూములు పంచుకున్నారు, నవ్వుతూ విడిపోయారు. ఏడాది తిరక్కుండానే ఒకరినొకరు చంపుకున్నారు.

వాటాలు అన్నాక కొలమానం ఉండాలి కదా. భూస్వామ్య జపాన్‌లో ఒక దొర ఎంతవాడో చెప్పేది అతని కత్తి కాదు, అతని కోకులు. కోకు అంటే సుమారు 180 లీటర్ల బియ్యం, దాదాపు 150 కిలోలు. ఒక మనిషి ఏడాది తిండికి సరిపోతుందని లెక్క. నేలను విస్తీర్ణంతో కాకుండా అది ఎన్ని కోకులు పండిస్తుందన్న అంచనాతో కొలిచేవాళ్ళు. హిదెయోషి దేశమంతా సర్వే చేయించి ఈ లెక్కను ఖాయం చేశాడు. తర్వాతి కాలంలో 10,000 కోకులు, ఆపైన ఉంటేనే డైమ్యో, అంటే సంస్థానాధీశుడు. మనకు ఇదేం వింత కాదు. మన పాత శాసనాల్లోనూ పొలాన్ని పుట్టి, తూము లెక్కల్లోనే చెప్పారు. ధాన్యం కొలిచే పేరే నేలకీ పేరైంది.

కథలో ఓతోరి వంశం యాయెగహారా అనే యుద్ధంలో ఓడి చాలా నేల పోగొట్టుకుని హగీ పట్నానికి పరిమితమవుతుంది. ఆ పేరు వినగానే జపాన్ చరిత్ర తెలిసినవాళ్ళకి 1600లో జరిగిన సెకిగహారా గుర్తొస్తుంది. ఆ యుద్ధంలో ఓడిన పక్షాన ఉన్న మోరి వంశం నేల సుమారు 12 లక్షల కోకుల నుంచి సుమారు 3 లక్షల 70 వేల కోకులకు పడిపోయింది. హిరోషిమా వదిలి సముద్రపు అంచున ఒక కొత్త కోట కట్టుకుని అక్కడికి మారారు. ఆ ఊరే హగీ. నేల మూడో వంతుకు తగ్గింది గానీ దాన్ని నమ్ముకున్న సమురాయ్ కుటుంబాలు తగ్గలేదు. అందరికీ జీతం బియ్యంలోనే ఇవ్వాలి. అందుకే ఓడిన వంశాల్లో ఆ చేదు తరాల తరబడి ఉంటుంది. ఏటా కొత్త సంవత్సరం రోజు మోరి మంత్రులు "ఈ ఏడాది దండెత్తుదామా?" అని అడిగేవాళ్ళనీ, దొర "ఇంకా సమయం రాలేదు" అనేవాడనీ ఒక కథ చెప్పుకుంటారు. ఇది నిజమో కల్పనో గానీ, 1868లో తొకుగావా షోగన్ల (దేశాన్ని ఏలిన సైనిక పాలకుల) పాలనను కూల్చినవాళ్ళలో ఆ హగీవాళ్ళు ముందువరసలో ఉన్నారు. 268 ఏళ్ళు కడుపులో పెట్టుకున్నారన్నమాట.

ఇప్పుడు తకేవో దగ్గరికొద్దాం. రెండో భాగంలో చిక్కంతా ఇతని ఒంటి మీదే ఉంది. రక్తం ప్రకారం ఇతను కికుతా కుటుంబానికి చెందినవాడు. గూఢచర్యం, హత్యలు, కంటిచూపుతో మనిషిని నిద్రపుచ్చే విద్యలు వంశపారంపర్యంగా ఉన్న తెగ అది. పెంపకం ప్రకారం రహస్యంగా దేవుణ్ణి కొలిచే బీద పల్లెవాళ్ళ బిడ్డ. దత్తత ప్రకారం ఓతోరి వారసుడు. షిగేరును విడిపించడానికి వెళ్ళే వీలిస్తే ఆ తర్వాత మీ దగ్గరికే వచ్చేస్తానని తెగకు మాట ఇచ్చాడు. కాబట్టి రెండో భాగం మొదలయ్యేసరికి ఒక మనిషిని మూడు వైపులనుంచి లాగుతున్నారు. తెగ అతని ప్రతిభను ఆస్తి అనుకుంటుంది. హగీలో షిగేరు చిన్నాన్నలకి అతను బతికుండటమే నేరం. అతనికేం కావాలో అతన్ని అడిగే దిక్కు లేదు.

దత్తత సంగతి ఇక్కడ కాస్త విప్పాలి. జపాన్‌లో ముఖ్యమైనది నెత్తురు కాదు, 'ఇయె', అంటే ఇల్లు, వంశం పేరు. పేరు నిలబడాలి, కోకులు చేతులు మారకూడదు. అందుకోసం పెద్దవాణ్ణైనా దత్తత తీసుకుంటారు. అల్లుణ్ణి దత్తత తీసుకుని తమ ఇంటిపేరు ఇచ్చే పద్ధతి ఇప్పటికీ ఉంది. ఇది చదువుతుంటే మన ఇల్లరికం గుర్తురాకమానదు. ఆంధ్ర ప్రాంతంలో రెడ్డి, కమ్మ కుటుంబాల్లో ఇల్లరికపు అల్లుడికి కొడుకుతో సమానంగా ఆస్తి హక్కు ఇచ్చే ఆచారాన్ని బ్రిటిష్ కాలపు కోర్టులు కూడా గుర్తించాయి. తేడా ఏమిటంటే, మన ఇల్లరికపు అల్లుడు పుట్టింటి పేరూ, అక్కడి హక్కులూ వదులుకోనక్కర్లేదు. జపాన్ అల్లుడు ఆ ఇంటి మనిషైపోతాడు.

అయితే దత్తపుత్రుడి బతుకు దారం మీద వేలాడుతుంది. హిదెయోషికి కొడుకుల్లేక మేనల్లుడు హిదెత్సుగును 1591లో దత్తత తీసుకుని పదవి అప్పగించాడు. 1593లో సొంత కొడుకు పుట్టాడు. 1595లో హిదెత్సుగు కడుపు కోసుకుని చావాల్సి వచ్చింది. అతని భార్యల్ని, పసిపిల్లల్ని క్యోటో నది ఒడ్డున నరికించారు. ఇది తెలిసి చదివితే, హగీ పొలిమేరలో అడుగుపెట్టడానికే తకేవో ఎందుకు అంత జంకుతాడో అర్థమవుతుంది. నాకు మొదటిసారి చదివినప్పుడు అది పిరికితనం అనిపించింది.

నా దృష్టిలో రెండో భాగం తకేవోది కాదు, షిరకావా దొర కూతురు కయెదేది. రచయిత్రి తకేవో కథను అతని నోటితో, 'నేను' అంటూ చెప్పిస్తుంది. కయెదే కథను బయటినుంచి చెబుతుంది. మొదట్లో ఈ మార్పు కాస్త చికాకు పెడుతుంది. కానీ ఆమె బతుకే అలాంటిది. ఎప్పుడూ ఎవరో ఒకరు ఆమెను చూస్తూ ఉంటారు, ఆమె గురించి నిర్ణయిస్తూ ఉంటారు. ఏడేళ్ళ వయసులో ఆమెను శత్రువు కోటలో తాకట్టు పెట్టారు. తండ్రి గీత దాటితే కూతురు ప్రాణం పోతుంది. పదిహేనేళ్ళు వచ్చేదాకా అక్కడే పెరిగింది.

ఈ తాకట్టు పద్ధతి ఫ్యాంటసీ కాదు. షోగన్ల వంశాన్ని స్థాపించిన తొకుగావా ఇయెయాసు చిన్నతనమంతా పరాయి కోటల్లో తాకట్టు బిడ్డగానే గడిచింది. బహుశా ఆ పాఠం ఒంటబట్టే కావచ్చు, అతని మనవడి కాలంలో, 1635లో, ఇదే పద్ధతిని చట్టం చేసిపెట్టారు. ప్రతి డైమ్యో కొంతకాలం 'ఎదో' (ఇప్పటి టోక్యో) నగరంలో ఉండాలి, సొంత ఊరికి వెళ్ళినప్పుడు భార్యాపిల్లల్ని ఎదోలోనే వదిలి వెళ్ళాలి. రహదారి చెక్‌పోస్టుల్లో ముఖ్యంగా రెండింటి కోసం గాలించేవాళ్ళట: నగరంలోకి వచ్చే తుపాకులు, నగరం నుంచి బయటికి పోయే ఆడవాళ్ళు. తుపాకీ వచ్చినా, దొర భార్య తప్పించుకున్నా అర్థం ఒక్కటే, ఎక్కడో తిరుగుబాటు రాజుకుంటోందని.

రెండో భాగంలో కయెదే పుట్టింటికి తిరిగొస్తుంది. ఇల్లు పాడుబడి ఉంటుంది. ఓటమితో తండ్రి మనిషి కాకుండా పోయాడు. చలికాలం ముంచుకొస్తోంది, తిండికి కటకట. ఇక్కడ ఆ పిల్ల చేసే పని కత్తి తీయడం కాదు, లెక్కల పుస్తకం తీయడం. ఎంత ధాన్యం ఉంది, ఎంతమంది మనుషులున్నారు, వసంతం దాకా ఎలా నెట్టాలి అని కూర్చుని లెక్కేస్తుంది. తండ్రికి ఇది అవమానం. చాలామంది పాఠకులకి బోర్. నాకు మాత్రం పుస్తకంలో ఇవే మంచి పేజీలు. ఇంకో సంగతి, ఈదాను నిజంగా చంపింది ఆమే. లోకం మాత్రం తకేవో చంపాడనుకుంటుంది. ఆ పేరు దక్కనందుకు ఆమె బాధపడదు, అది బయటపడితే తన మెడకు చుట్టుకుంటుందని ఆమెకు తెలుసు.

ఆమెకు రావాల్సిన రెండో ఆస్తి మారుయామా. అక్కడ ఆడవాళ్ళ నుంచి ఆడవాళ్ళకే వారసత్వం. పశ్చిమ పాఠకులకోసం పెట్టిన స్త్రీవాద అలంకారం అనుకుంటారు కొందరు. అంత తొందర అక్కర్లేదు. కామకురా కాలంలో (12 నుంచి 14వ శతాబ్దం దాకా) జపాన్ సమురాయ్ ఇళ్ళలో ఆడపిల్లలకు ఆస్తిలో వాటా ఉండేది, భూమి పెత్తనం చేసిన ఆడవాళ్ళున్నారు. 1232 నాటి న్యాయ స్మృతి, పిల్లల్లేని స్త్రీ ఒకరిని దత్తత తీసుకుని తన భూమి ఇచ్చే వీలు కల్పించింది. వాటాలు వేసుకుంటూ పోతే నేల ముక్కలైపోతోందని, యుద్ధాలు పెరిగేకొద్దీ, ఒక్క కొడుక్కే అంతా కట్టబెట్టే పద్ధతి వచ్చాక ఆ హక్కు పోయింది. అదే 13వ శతాబ్దంలో ఓరుగల్లులో గణపతిదేవుడు కూతురు రుద్రమను గద్దెనెక్కించాడు. ఆమెను శాసనాలు రుద్రదేవ మహారాజు అని మగపేరుతో పిలిచాయి. మొగవాడిలా వ్యవహరిస్తేనే సామంతులు తలవంచుతారన్న సంగతి కయెదే కూడా అదే దారిలో నేర్చుకుంటుంది. కాబట్టి మారుయామా రచయిత్రి గాల్లోంచి పుట్టించింది కాదు. చరిత్రలో మూసేసిన తలుపును ఆమె తెరిచి ఉంచింది, అంతే.

ఇంత తగాదా ఉన్నా సగం పుస్తకం ఎవరూ యుద్ధం చేయరు. ఎందుకంటే మంచు. కథ శరదృతువులో మొదలై వసంతంలో ముగుస్తుంది. నడుమ కనుమలు మూసుకుపోతాయి. ఉత్తర జపాన్‌లో, జపాన్ సముద్రం వైపు కొండల్లో మనిషెత్తు మంచు పడుతుంది, సైన్యం కదలదు. కియోసులో నవ్వుతూ విడిపోయిన షిబాతా కత్సుయియే ఎచిజెన్ ప్రాంతపు మంచులో ఇరుక్కుపోయాడు. సరిగ్గా ఆ చలికాలంలోనే హిదెయోషి కదిలి, అతని పక్షం కోటల్ని ఒక్కొక్కటీ లాగేసుకున్నాడు. 1583 వసంతంలో కత్సుయియే దిగివచ్చేసరికి ఆట సగం అయిపోయింది. షిజుగతాకె దగ్గర ఓడి, తన కోటలోనే ప్రాణం తీసుకున్నాడు. తకేవో మంచులో తెగనుంచి పారిపోయి తెరయామా గుడికి చేరడం సాహసం కోసం పెట్టిన సీను కాదు. మంచు కరిగేలోపు ఎక్కడ ఉన్నావన్నదాన్ని బట్టే వసంతంలో నువ్వెవరో తేలుతుంది.

మంచు కరిగాక దిగివచ్చేది అరాయ్. ఈదా పోయాక దేశంలో పెద్ద భాగం చేజిక్కించుకున్న సేనాని ఇతను. తకేవో చెప్పాపెట్టకుండా తెగతో మాయమైపోయాడని కోపంగా ఉంటాడు. ఇతను మంచివాడా, చెడ్డవాడా అని పాఠకులు తల బద్దలుకొట్టుకుంటారు. సమురాయ్ అంటే ప్రాణం పోయినా ప్రభువును వదలనివాడు అనే బొమ్మ మన మనసులో ఉంది కదా, ఆ బొమ్మే ఇక్కడ అడ్డొస్తుంది. దాన్ని ప్రపంచానికి అమ్మినవాళ్ళలో ముఖ్యుడు నితొబె ఇనాజో. 1900లో, అంటే సమురాయ్ వర్గమే లేకుండా పోయాక, ఇంగ్లీషులో పుస్తకం రాశాడు. అసలు యుద్ధాల కాలంలో పక్షం మారడం రోజూ జరిగేదే. సెకిగహారాలో కొబయాకావా హిదెయాకి కొండమీద నిలబడి మధ్యాహ్నం దాకా చూసి, తన పక్షం మీదే దూకాడు. దేశ చరిత్ర ఆ ఒక్క మలుపుతో తేలిపోయింది. అరాయ్ కూడా ఆ కాలపు మనిషే, గాలివాటం చూసి నడుస్తాడు. అతని మాట తప్పడం కథలో లోపం కాదు.

పేర్ల దగ్గర మాత్రం తెలుగు పాఠకులకి ఒక లాభం ఉంది. వాళ్ళదీ ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. షిరకావా కయెదే అన్నా, ఓతోరి తకేవో అన్నా మనకు తిన్నగానే వినిపిస్తుంది. ఒకే మనిషికి రెండు మూడు పేర్లుండటం మాత్రం తికమకే. తకేవో పుట్టినప్పుడు తొమాసు. ఇయెయాసు కూడా పుట్టినప్పుడు తకెచియో, తర్వాత మోతొయాసు, ఆ తర్వాతే ఇయెయాసు. వయసు, యజమాని మారినప్పుడల్లా పేరు మారుతుంది.

తొమాసు అన్న పేరు వినగానే అనుమానం వచ్చి ఉంటుంది. అది థామసే. పుస్తకంలోని రహస్య విశ్వాసులకి మూలం జపాన్‌లో దాక్కున్న క్రైస్తవులు. 1549లో ఫ్రాన్సిస్ జేవియర్ వచ్చాక మతం బాగానే పాకింది. 1597లో నాగసాకిలో 26 మందిని శిలువ వేశారు. 1614లో దేశమంతా నిషేధం. క్రీస్తు బొమ్మను కాలితో తొక్కించి పరీక్షించేవాళ్ళు. ఏడు తరాలు గడిచాక, 1865లో నాగసాకిలో కొత్తగా కట్టిన చర్చికి కొందరు పల్లెవాళ్ళు వచ్చి తమదీ ఇదే విశ్వాసమని ఫాదరీ చెవిలో చెప్పారు. చంపకూడదు అని నేర్పిన ఇంట్లో పుట్టినవాడు హంతకుల తెగలో, యోధుల వంశంలో ఒకేసారి వారసుడు కావడమే ఈ కథకి నడుం.

తకేవోకి సాయంచేసే జో-అన్ తోళ్ళు ఊనే వెలివాడ మనిషి. జపాన్‌లో చచ్చిన పశువును ముట్టేవాళ్ళని అపవిత్రులని ఊరిబయట పెట్టారు. 1871లో ప్రభుత్వం ఆ భేదాన్ని చట్టంలోంచి తీసేసింది, మనుషుల మనసుల్లోంచి అంత తొందరగా పోలేదు. పశ్చిమ పాఠకులకి ఇక్కడ వివరణ కావాలి. మనకు అక్కర్లేదు. తకేవో జో-అన్‌ని ముట్టుకున్నప్పుడు చుట్టూ ఉన్న యోధులు ముఖం ఎందుకు తిప్పుకుంటారో మనకు చదవగానే తెలిసిపోతుంది. తెలిసిపోయినందుకు సిగ్గు కూడా వేస్తుంది.

అన్నీ బాగున్నాయని కాదు. ఒక ముసలామె చెప్పే జోస్యం నాకు నచ్చలేదు. అయిదు యుద్ధాలు, నాలుగు గెలుపులు, ఒక ఓటమి అని ముందే లెక్క చెప్పేస్తే ఇక పాఠకుడికి మిగిలేదేముంది? తకేవో మాయ విద్యలు కూడా ఇరుకున పడ్డ ప్రతిసారీ తాళంచెవిలా పనిచేస్తాయి. కయెదేకి అలాంటి విద్యలేవీ లేవు కాబట్టే ఆమె పేజీలు బిగువుగా ఉంటాయి. పేరు మాత్రం చక్కగా కుదిరింది. 'కుసమకురా', గడ్డి దిండు, అంటే పాత జపాన్ కవిత్వంలో ప్రయాణం అనే మాటకి ముందు వచ్చే విశేషణం. తలకింద గడ్డి తప్ప మరేమీ లేని బాటసారి. ఇల్లు ఎవరిదో తేలని కథకి ఇంతకన్నా ఏం పేరు పెడతారు?

ఇక ముగింపు. వసంతంలో తెరయామా గుడిలో తకేవో, కయెదే పెళ్ళి చేసుకుంటారు. మన సినిమాల అలవాటుకొద్దీ అక్కడ 'శుభం' కార్డు పడినట్టే అనిపిస్తుంది. కానీ లెక్క కట్టి చూడండి. ఆమెకి షిరకావా ఉంది, మారుయామా ఉంది. అతనికి ఓతోరి మీద హక్కుంది. మూడు సంస్థానాలు ఒక్క రాత్రిలో ఒకే కప్పుకిందికి వచ్చాయి. 1595లో హిదెయోషి, డైమ్యోలు తన అనుమతి లేకుండా సంబంధాలు కలుపుకోకూడదని శాసించాడు. అతను పోగానే ఇయెయాసు చేసిన మొదటి పనుల్లో ఒకటి దాన్ని మీరి మరో డైమ్యో దాతె మసామునే కూతుర్ని తన కొడుక్కి కుదుర్చుకోవడం. దానికే 1599లో యుద్ధం వచ్చినంత పనైంది. 1615లో తొకుగావాలు కూడా అదే నిషేధాన్ని చట్టంలో రాశారు. తెరయామాలో ఆ పెళ్ళికి అరాయ్‌ని ఎవరూ అడగలేదు. కయెదేని తనదిగా ఎంచుకుని ఉన్న ఫుజివారా ప్రభువునీ అడగలేదు.

మూడో భాగం పక్కనే పెట్టుకుని కూర్చోండి.